బండి కొన్న రోజున అది నాది కాలేదు

ఆ రాత్రి జరిగిందల్లా నా మోటారుసైకిల్ హ్యాండిల్ అంగుళంన్నర వెనక్కి రావడమే. హ్యాండిల్‌ను ఎత్తి పట్టే దిమ్మలను, అంటే పాత రైజర్లను విప్పి, వెనక్కి వంగి ఉండేవి పెట్టి, బోల్టులు బిగించి పడుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున రోడ్డెక్కాక గానీ తెలియలేదు, ఎనిమిది నెలలుగా నేను వేరెవరి కొలతలకో కుట్టిన చొక్కా తొడుక్కుని తిరుగుతున్నానని. అంతకుముందు నలభై నిమిషాలు దాటితే చాలు, కుడి రెక్క ఎముక కింద సన్నగా పోటు మొదలయ్యేది. అది బండి స్వభావం అనుకున్నాను. క్రూయిజర్ అంటే, తీరిగ్గా దూరాలు పోయే ఈ రకం బరువైన బండి అంటే, అంతే, అలవాటు పడాలి అని సర్దుకున్నాను. ఆ రోజు రెండు గంటలు ఎక్కడా ఆపలేదు. మోచేతులు వదులుగా వంగాయి, భుజాలు కిందికి దిగాయి, మణికట్టు తిన్నగా నిలిచింది. పోటు రాలేదు. ఇంజను శబ్దం కూడా కొత్తగా వినిపించింది. ఒంట్లో నొప్పి ఉన్నంతసేపూ చెవి సగమే పని చేస్తుందని అప్పుడే అర్థమైంది.

కాగితాల మీద నా పేరు ఎప్పుడో పడింది. బండి నాదైంది మాత్రం ఆ తెల్లవారుజామున.

అప్పటి నుంచి ఐదేళ్ళుగా ఆ బండిని విప్పుతూ, బిగిస్తూ, నడుపుతూ, మళ్ళీ విప్పుతూనే ఉన్నాను. ఊడదీసిన టాంకునీ, గోడకు ఆనించిన సైలెన్సర్లనీ చూసినవాళ్ళు "బాగున్న బండిని ఎందుకయ్యా పాడుచేసుకుంటావు" అంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబుంది. ఒక్క ముక్కలో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాళ్ళ వాదనలో బలమైన ముక్కే తీసుకుంటాను. "ఆ బండిని తయారుచేసిన ఇంజినీర్లకంటే నీకు ఎక్కువ తెలుసా?" తెలియదు. లోహాల గురించి, దహనం గురించి, ఫ్రేము ఎక్కడ ఎంత బరువు మోయాలన్న లెక్క గురించి వాళ్ళకు తెలిసినదాంట్లో నాకు తెలిసింది గోరంత. కానీ ఒక్క సంగతి మాత్రం వాళ్ళకు తెలిసే దారే లేదు. నా చేయి పొడవెంత, నా నడుము ఎటు వంగుతుంది, నేను ఏ రోడ్డు మీద ఎంతసేపు నడుపుతాను అన్నది. వాళ్ళు పొట్టివాళ్ళకూ పొడుగువాళ్ళకూ మధ్యన ఒక శరీరాన్ని ఊహించుకుని హ్యాండిల్ పెడతారు. ఆ మధ్యన ఉండే మనిషిని నేనింతవరకూ చూడలేదు. దానికి తోడు శబ్దం మీద, పొగ మీద ఉండే నిబంధనలు, ఒకే భాగాన్ని నాలుగు మోడళ్ళకు వాడుకోవాలన్న లెక్కలు, అసెంబ్లీ లైనులో అమర్చే సౌలభ్యం, ఇవన్నీ కలిస్తే ఫ్యాక్టరీ బండి. అందులో తప్పు లేదు. అది ఒక మంచి ఆరంభం. మిగిలిన పని నడిపేవాడిది.

రెండో జవాబు చరిత్రలో ఉంది, నా మటుకు అదే అసలు జవాబు. క్రూయిజర్ విషయంలో "ఒరిజినల్" అనే మాటకు అర్థం చాలా పల్చన. ఎందుకంటే ఈ రకం బండి రూపం ముందు ఫ్యాక్టరీలో పుట్టి తర్వాత వీధిలోకి వచ్చింది కాదు. వీధిలో కోతలూ అతుకులూ పడి తయారైన రూపాన్ని ఫ్యాక్టరీ తర్వాత ఎత్తుకుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం హార్లే డేవిడ్‌సన్ కంపెనీ డబ్ల్యుఎల్‌ఏ అనే బండ్లను పదుల వేలల్లో చేసింది. 45 క్యూబిక్ అంగుళాల ఇంజను, అంటే దాదాపు 740 సిసి. ఆ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన బండ్లు మామూలు జనం చేతికి వచ్చాయి. దిట్టమైనవే కానీ బరువైనవి. తిరిగొచ్చిన కుర్రాళ్ళు ముందు మడ్‌గార్డు తీసి పక్కన పడేశారు, వెనక మడ్‌గార్డు సగానికి కోసేశారు, అక్కర్లేదనిపించిన ప్రతి ఇనప ముక్కనూ విప్పేశారు. గుర్రం తోక కత్తిరించినట్టు వెనక భాగం పొట్టిగా మిగిలింది. దాన్ని బాబ్ జాబ్ అన్నారు, ఇప్పుడు మనం బాబర్ అంటున్నది అదే. యుద్ధానికి ముందే కొందరు ఇలా కోసిన దాఖలాలున్నా, అది ఒరవడిగా మారింది మాత్రం ఆ రోజుల్లోనే. తర్వాత 1960ల్లో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు సాగింది, హ్యాండిల్ ఆకాశానికి లేచింది, చాపర్ వచ్చింది.

1969లో వచ్చిన ఒక అమెరికన్ సినిమాలో జెండా రంగులు పూసిన చాపర్‌ను ప్రపంచమంతా చూసింది. ఆ బండిని రూపొందించి కట్టినవాళ్ళు క్లిఫర్డ్ వాగ్స్, బెన్ హార్డీ. సినిమాలో వాళ్ళ పేర్లు లేవు. ఇద్దరూ నల్లజాతివాళ్ళు. ఆ బండి బొమ్మ గోడల మీదికీ చొక్కాల మీదికీ ఎక్కింది గానీ కట్టిన చేతులెవరివో దశాబ్దాల పాటు చాలామందికి తెలియలేదు. నాకు ఇది ఎప్పుడు గుర్తొచ్చినా కడుపులో ఏదో మెలిపెట్టినట్టుంటుంది. బండిని చేత్తో కట్టడంలోని గౌరవమే వాళ్ళది. అదే వాళ్ళకు దక్కలేదు.

ఫ్యాక్టరీ దీన్నంతా చూస్తూనే ఉంది. హార్లే స్థాపకుల్లో ఒకరి మనవడు విల్లీ జి. డేవిడ్‌సన్ 1971లో సూపర్ గ్లైడ్ తీసుకొచ్చాడు. పెద్ద బండి ఫ్రేముకు చిన్న బండి స్పోర్ట్‌స్టర్ ముందుభాగం తగిలించాడు. వీధుల్లో కుర్రాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే అది. దాని వెనక భాగం పడవ తోకలా ఉండేది, జనానికి నచ్చలేదు, రెండేళ్ళలో తీసేశారు. కానీ దారి పడిపోయింది. ఆ తర్వాత సాఫ్ట్‌టెయిల్. వెనక షాకబ్జార్బర్లు లేని పాత హార్డ్‌టెయిల్ ఫ్రేము అందం కావాలి, నడుము మాత్రం విరగకూడదు. ఈ చిక్కుముడిని విప్పింది కంపెనీ లోపలి మనిషి కాదు. బిల్ డేవిస్ అనే ఇంజినీరు, తన సొంత ప్రయత్నంగా షాకబ్జార్బర్లను కింద దాచే ఫ్రేము కట్టాడు. కంపెనీ ఆ ఆలోచనను కొనుక్కుని 1984 మోడలుగా మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ షోరూములో మెరిసే సాఫ్ట్‌టెయిల్ ఒక కస్టమ్ పనికి నకలు. దాన్ని నేను మళ్ళీ మారిస్తే ఏ ఒరిజినల్‌ను పాడుచేసినట్టు?

పేర్ల సంగతి చూడండి. 1936 నాటి ఇంజనును నకిల్‌హెడ్ అంటారు, రాకర్ కవర్లు, అంటే ఇంజను తల మీది మూతలు, పిడికిలి కణుపుల్లా ఉంటాయని. 1948 దాన్ని పాన్‌హెడ్ అంటారు, బోర్లించిన మూకుళ్ళలా ఉంటాయని. 1966 నాటిది షవల్‌హెడ్, పారలా ఉంటుందని. ఇవేవీ కంపెనీ పెట్టిన పేర్లు కావు. విప్పి చూసినవాళ్ళు, చేతికి నూనె అంటినవాళ్ళు పెట్టిన ముద్దుపేర్లు. అవే నిలిచాయి.

ఇక ఇంజను దగ్గరికి వస్తాను. ఇక్కడ నన్ను ఆపడం కష్టం.

హార్లే ఇంజనులో రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో వి ఆకారంలో ఉంటాయి, అందుకే వి-ట్విన్ అంటారు. రెండు పిస్టన్లూ, వాటి కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు అయిన క్రాంకు మీద ఒకే పిన్నుకు వేలాడతాయి. అందువల్ల రెండు పేలుళ్ళ మధ్య ఎడం సమానంగా ఉండదు. ఒకటి పేలాక 315 డిగ్రీలకు రెండోది పేలుతుంది, ఆ తర్వాత 405 డిగ్రీలు ఆగి మళ్ళీ మొదటిది. రెండు దెబ్బలు దగ్గరగా, తర్వాత కాస్త ఎడం, మళ్ళీ రెండు దెబ్బలు. ఐడిలింగ్‌లో వినిపించే ఆ కుంటి నడక అదే. డప్పు మీద దరువులో మధ్య వదిలిన ఖాళీయే దరువుకు ప్రాణం పోసినట్టు, ఇక్కడా ఆ ఎడమే ప్రాణం. ఈ శబ్దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకోవాలని హార్లే 1994లో దరఖాస్తు పెట్టి, ఏళ్ళ తరబడి అభ్యంతరాలు ఎదుర్కొని, 2000లో వెనక్కి తీసుకుంది. నాకు ఆ వెనకడుగు సంతోషమే. దరువు ఏ ఒక్కరి సొత్తూ కాదు.

ఇంజినీరింగ్ లెక్కలో ఈ అమరిక లోపం. కంపనం ఎక్కువ. జపాన్ కంపెనీలు 1980ల్లో వి-ట్విన్ క్రూయిజర్లు మొదలుపెట్టినప్పుడు ఆ లోపాన్ని చక్కగా సరిదిద్దాయి. హోండా తన షాడో అనే బండిలో పిస్టన్లకు వేర్వేరు పిన్నులిచ్చి, వాటిని పక్కకు జరిపి, కంపనాన్ని చంపేసింది. బండి నున్నగా నడిచింది. కానీ దరువు పోయింది. 1995లో వచ్చిన షాడో ఏసీఈ 1100లో హోండా మళ్ళీ ఒకే పిన్ను క్రాంకు పెట్టింది. తెలిసి తెలిసి కంపనాన్ని వెనక్కి పిలిచింది. నేను ఈ సంగతిని చాలాసార్లు తలుచుకుంటాను. ప్రపంచంలో అత్యంత నున్నని ఇంజన్లు చేయగలిగినవాళ్ళు, నడిపేవాడి ఒంటికి ఏం కావాలో విని, నునుపును వదులుకున్నారు. క్రూయిజర్ ప్రేమను "ఆచరణకు పనికిరాని మోజు" అనేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హాయి అంటే కంపనం లేకపోవడం ఒక్కటే కాదు. పిర్ర కింద నుంచీ పాదాల నుంచీ ఇంజను వేగం తెలుస్తుంటే మీటరు చూడక్కర్లేదు. అరవై దగ్గర నా బండి ఒకలా కొట్టుకుంటుంది, ఎనభై దగ్గర ఇంకోలా. కళ్ళు మూసినా చెప్పగలను.

అందుకే సైలెన్సర్ల విషయంలో నేను చేసిన తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మొదటి ఏడాది చివర్లో, లోపల ఏ అడ్డూ లేని తిన్నటి పొట్టి గొట్టాలు తగిలించాను. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒళ్ళు పులకరించింది. వారం రోజుల్లో రెండు విషయాలు బయటపడ్డాయి. బండి మధ్య వేగాల్లో నీరసించింది. మూడో గేరులో, క్రూయిజర్‌కు అసలు బలం ఉండాల్సిన చోట, థ్రాటిల్ తిప్పితే ఒక గొయ్యిలో కాలు పడినట్టు ఆగి, తర్వాత లేచేది.

ఎందుకో తెలుసుకోవడానికి నాకు నెలలు పట్టింది. గొట్టంలో పొగ ఒక అలలా పోతుంది. చివర తెరిచి ఉన్నచోట అది తిరగబడి, పీడనం తక్కువున్న అలగా ఇంజను వైపు వెనక్కి వస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉండే ఆ లిప్తపాటు కాలంలో సరిగ్గా వస్తే, మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి దారిస్తుంది. ఆ వేళకు దాని బదులు పీడనం ఎక్కువున్న అల వస్తే పొగనే లోపలికి నెడుతుంది. గొట్టం పొడవు, లావు, లోపలి అమరిక, అన్నీ కలిసి ఆ సమయాన్ని నిర్ణయిస్తాయి. "ఇంజనుకు కొంచెం ఎదురు ఒత్తిడి ఉండాలి" అని గ్యారేజీల్లో అనే మాట సరైన పరిష్కారానికి తప్పు వివరణ. కావాల్సింది ఒత్తిడి కాదు, అలకు సరైన వేళ. పైగా గాలి దారి మారితే పెట్రోలు పాళ్ళు కూడా మార్చాలి. పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ళ గాలి లెక్క. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే ఇంజను ఎండిపోయినట్టు వేడెక్కుతుంది, థ్రాటిల్ వదిలినప్పుడు గొట్టంలో టపటపా పేలుతుంది. ఆ పేలుళ్ళను చాలామంది గొప్పగా చెప్పుకుంటారు. నేనూ కొన్నాళ్ళు చెప్పుకున్నాను. అది బండి దగ్గు.

రెండో విషయం ఇంకా బరువైనది. మా వీధి చివర ఇంట్లో పసిపిల్ల ఉండేది. తెల్లవారుజామున నేను బండి తీసినప్పుడల్లా ఆ ఇంట్లో దీపం వెలిగేది. వాళ్ళు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ దీపం వెలగడం చూశాక నాకు ఆ గొట్టాల మీద మోజు తీరిపోయింది. ఇప్పుడున్నవి లోపల బాఫిల్స్, అంటే శబ్దాన్ని అణిచే అడ్డుపలకలు ఉన్నవి. దరువు అలాగే ఉంది, అరుపు లేదు.

"గట్టిగా వినిపిస్తే ప్రాణాలు నిలుస్తాయి" అనే వాదనను నేను ఒప్పుకోను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900కు పైగా మోటారుసైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడే పరిశీలించి, మరో 3,600 పోలీసు నివేదికలు చదివి 1981లో ఇచ్చిన నివేదిక ఈ రంగంలో అందరూ చదవాల్సినది. అందులో తేలింది ఏమిటంటే, ప్రమాదం ఎక్కువగా ముందు నుంచే వస్తుంది. నాలుగింట మూడు వంతులకు పైగా సందర్భాల్లో ముప్పు ముందువైపు, అటూ ఇటూ 45 డిగ్రీల లోపే ఉంది. సైలెన్సర్ శబ్దం పోయేది వెనక్కి. ఎదుటివాడికి మనం కనిపించకపోవడమే అసలు కారణమని కూడా ఆ నివేదిక చెప్పింది. అందుకే నా బండికి మంచి హెడ్‌లైటు ఉంది, ఒంటికి లేత రంగు జాకెట్టు ఉంది.

అదే నివేదికలో నాకు ఇష్టం లేని మాట కూడా ఉంది, దాన్ని దాచి వాదించడం న్యాయం కాదు. అరకొరగా చాపర్‌లా మార్చిన బండ్లు, హ్యాండిల్ కిందికి దించి కఫే రేసర్‌లా మార్చిన బండ్లు ప్రమాదాల్లో వాటి సంఖ్యకు మించి కనిపించాయని అది తేల్చింది. ఆ వాక్యం చదివి నేను చాలారోజులు ఆలోచించాను. మార్చడమే ప్రమాదమా, తెలియకుండా మార్చడం ప్రమాదమా? నా అనుభవం రెండోదాని వైపే చెబుతోంది. కానీ తెలుసుకోవడం అంటే ఎంత తెలుసుకోవాలో ఆ నివేదికే నాకు నేర్పింది.

ఉదాహరణకు ఫోర్కు. స్పోర్ట్స్ బండికి స్టీరింగ్ మెడ వాలు 24 డిగ్రీల చుట్టూ ఉంటుంది. క్రూయిజర్‌కు 30, ఆపైన. వాలు పెరిగేకొద్దీ, స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటుకీ టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం పెరుగుతుంది. దాన్నే ట్రెయిల్ అంటారు. అది ఎక్కువైతే తిన్నటి రోడ్డు మీద బండి గీత గీసినట్టు పోతుంది, మలుపు దగ్గర నిదానంగా వెళ్తుంటే ముందు చక్రం ఓ పక్కకు వాలిపోవాలని చూస్తుంది. ఇక్కడే ఒక మోసం ఉంది. ఫోర్కును పట్టుకునే ట్రిపుల్ ట్రీలోనే వాలు పెంచితే బండి చూడ్డానికి చాపర్‌లాగే సాగుతుంది, కానీ ట్రెయిల్ పెరగదు, తగ్గుతుంది. మరీ తగ్గితే వేగంలో హ్యాండిల్ వణకడం మొదలవుతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి బరువైన బండి, ఇంకొకటి ప్రాణం తీసే బండి. నేను ఫోర్కు ముట్టుకోలేదు, ముట్టుకోను.

వెనక షాకబ్జార్బర్లు మాత్రం ముట్టుకున్నాను. బండి నేలకు దగ్గరగా కనిపించాలని అంగుళం పొట్టివి వేశాను. నిలబెట్టి చూస్తే ఎంత అందం! మొదటి పెద్ద గుంటలో షాకబ్జార్బర్ అడుక్కంటా దిగి వెన్నెముకకు కొట్టింది. మలుపులో ఫుట్‌బోర్డు అంతకుముందుకంటే తొందరగా నేలను గీరింది. నెల తర్వాత మడ్‌గార్డు లోపల చూస్తే, టెయిల్ లైటు వైరు తొడుగు టైరుకు రాసుకుని సగం అరిగిపోయి ఉంది. ఆ రాత్రే పాతవి తిరిగి బిగించాను. నిలబడి ఉన్న బండిని చూసి మార్పులు చేయకూడదని నాకు తెలిసింది అప్పుడే. కదులుతున్నప్పుడు ఏం కావాలో అది చేయాలి. ఫార్వర్డ్ కంట్రోల్స్, అంటే ముందుకు జరిపిన బ్రేకు, గేరు పెడళ్ళ విషయంలోనూ అదే లెక్క. కాళ్ళు చాచుకుని కూర్చుంటే ఫొటో బాగుంటుంది, కానీ బరువంతా తోక ఎముక మీద పడుతుంది, గుంట వచ్చినప్పుడు కాళ్ళ మీద లేవడానికి వీలుండదు. నా బండికి అవి లేవు. వెడల్పాటి వెనక టైర్ల గురించి అసలు మాట్లాడను.

చేతి పని గురించి చెప్పాలి. నాకు పాన పట్టుకోవడం నేర్పిన పెద్దాయన ఒకరున్నారు. మొదటిరోజు నేను ఇంజను కవరు బోల్టు బిగిస్తుంటే "ఇక చాలు బాబూ, ఆపు" అన్నారు. నేను ఇంకో పావు తిప్పు తిప్పాను. చేతికి మెత్తగా తగిలింది. మర పోయింది. ఉక్కు బోల్టు అల్యూమినియంలో దిగేటప్పుడు మెత్తనిది ఓడిపోతుంది. ఆయన తిట్టలేదు. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో ఉక్కు తీగ చుట్ట దించారు. హెలికాయిల్ అంటారు దాన్ని. "ఇప్పుడిది మునుపటికంటే గట్టిది" అన్నారు. ఆ కవరు తీసినప్పుడల్లా ఆ ఒక్క రంధ్రంలో మెరిసే తీగ కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన మరలన్నిటికంటే నాకు అదే ముద్దు.

అప్పటి నుంచి టార్క్ రెంచ్ లేకుండా ఏదీ బిగించను. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు పది న్యూటన్ మీటర్ల చుట్టూ చాలు, అది చేతికి ఆశ్చర్యపోయేంత తక్కువ అనిపిస్తుంది. వి-ట్విన్ కంపనానికి బోల్టులు వదులవుతాయి కాబట్టి కావాల్సిన చోట మరకు నీలం రంగు లాకింగ్ ద్రవం ఒక చుక్క. హ్యాండిల్ మార్చినప్పుడు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూస్తాను, ఇంజను నడుస్తుండగా. ఎక్కడైనా ఆర్‌పిఎం పెరిగితే థ్రాటిల్ కేబుల్ బిగుసుకుంటోందని అర్థం. మలుపులో బండి తనంతట తాను దూకుతుంది. బ్రేకు హోస్ కూడా అంతే, పొడవు చాలకపోతే లాగి పెట్టకూడదు, కొత్తది వేయాలి. బ్రేకు ఆయిలు చుక్క పడి నా టాంకు రంగు బొబ్బలెక్కింది ఒకసారి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మళ్ళీ రంగు వేయించలేదు, ఆ పని చేసేటప్పుడు టాంకు మీద గుడ్డ కప్పాలని రోజూ గుర్తు చేస్తుంది.

క్రోమ్ గురించి చిన్న మాట. మనం క్రోమ్ మెరుపు అనుకునేదాంట్లో ఎక్కువ భాగం కింద ఉన్న నికెల్‌ది. పైన ఉండే క్రోమ్ పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు, నికెల్ మాసిపోకుండా కాపలా కాస్తుంది. తుప్పు చుక్కలు వస్తే అల్యూమినియం రేకు ముక్కను నీళ్ళలో తడిపి మెల్లగా రుద్దితే పోతాయి. గరుకు కాగితం పెట్టారంటే కాపలావాడిని మీరే చంపినట్టు. ఆదివారం పొద్దున ఒక గంట ఈ పని చేస్తే, పగుళ్ళు, కారుతున్న ఆయిలు, వదులైన స్పోకు, అన్నీ వాటంతటవే కంటపడతాయి. తుడవడం అంటే నాకు బండిని చదవడం.

ఇదంతా విన్నాక ఒకరు అడిగారు, "ఇన్ని అవస్థలెందుకు, ఇంకో మంచి బండి కొనుక్కోవచ్చుగా?" నాకు ఆర్లెన్ నెస్ గుర్తొచ్చారు. 2019లో కన్నుమూసిన ఈ కాలిఫోర్నియా కస్టమ్ బండ్ల శిల్పి మొదటి బండి 1947 నకిల్‌హెడ్. దాన్నే విప్పి కొత్త రూపం ఇచ్చి ప్రదర్శనకు తీసుకెళ్ళడం, మళ్ళీ విప్పి ఇంకో రూపం ఇవ్వడం, అలా మొదలైంది ఆయన ప్రయాణం. ఒకే బండిలో అన్ని బండ్లున్నాయని ఆయన చేతులకు తెలుసు. కొత్త బండి కొంటే కొత్తదనం దొరుకుతుంది. ఐదేళ్ళుగా విప్పుతున్న బండిలో దొరికేది వేరు. చీకట్లో కూడా ఏ బోల్టు ఏ సైజో వేళ్ళకు తెలుస్తుంది. ఒక కొత్త శబ్దం వస్తే, అది ఎక్కడి నుంచో చెవి కంటే ముందు కడుపుకు తెలుస్తుంది.

అలాగని క్యాటలాగు తెరిచి దొరికినవన్నీ తగిలించడాన్ని నేను వెనకేసుకురాను. పుర్రె బొమ్మల బోల్టులు, అంచులకు వేలాడే తోలు కుచ్చులు, ప్రతి ఖాళీ మీదా ఒక క్రోమ్ మూత. అది మార్చడం కాదు, కప్పడం. బాబర్ కట్టిన కుర్రాళ్ళు తీసేశారు, తగిలించలేదు. నేను చేసిన మార్పుల్లో నిలిచినవాటిని లెక్కపెట్టి చూస్తే సగం పైగా తీసేసినవే. వెనక కూర్చునే సీటు, దాని వెనక ఆనుకునే కమ్మీ, పక్క కవర్ల మీది అక్షరాలు, ముందు మడ్‌గార్డు మీది క్రోమ్ పట్టీ. తీసిన ప్రతిదీ గుడ్డలో చుట్టి, ఏ బోల్టు దేనిదో చీటీ రాసి అలమరలో పెట్టాను. నా తర్వాత ఈ బండి తీసుకునే మనిషికి నా శరీరం ఉండదు. వాళ్ళకు మొదటి నుంచి మొదలుపెట్టే హక్కు ఉండాలి.

ఇప్పుడు సీటు పని నడుస్తోంది. తోలు విప్పి, లోపలి ఫోమ్‌ను కత్తితో కొంచెం కోయడం, గరుకు కాగితంతో నున్న చేయడం, పైన పాత దుప్పటి ముక్క పరిచి కట్టి రెండు గంటలు నడిపి రావడం. ఎక్కడ ఒత్తుకుంటోందో సుద్దతో గుర్తు పెట్టి మళ్ళీ కోయడం. నెలన్నర నుంచీ ఇదే. ఎడమ వైపు ఎప్పుడో కుదిరింది. కుడి వైపు కుదరలేదు. నిన్న రాత్రి అటు ఇంకో వేలు మందం తీసేశాక, రెండు వైపులా చేత్తో తడిమి చూశాను. సమానంగా లేవు. నా నడుమూ రెండు వైపులా సమానంగా లేదన్న సంగతి ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు, ఆ పోటు ఎప్పుడూ కుడి వైపే ఎందుకు వచ్చేదో కూడా. రేపు తెల్లవారుజామున దుప్పటి ముక్క కట్టుకుని మళ్ళీ బయల్దేరాలి. తోలు తొడిగే తొందరేమీ లేదు.